పడవ ఆయువు అతుకులో ఉంది

నేను పుట్టింది, పెరిగింది భీమునిపట్నంలో. సెలవు వచ్చిందంటే మా పిల్లల మకాం సముద్రం ఒడ్డునే. వేట ముగించుకొని తెప్పలు ఒడ్డుకు చేరేవి. చేపలు దించేశాక మత్స్యకారులు తెప్ప కట్లు విప్పేసేవారు. దుంగల్ని విడివిడిగా ఇసుక మీద ఎండబెట్టేవారు. మళ్ళీ వేటకు పోయేముందు తాళ్ళతో బిగించి కట్టేవారు. "రోజూ కట్టడమెందుకు, రోజూ విప్పడమెందుకు తాతా?" అని ఒక పెద్దాయన్ని అడిగాను. "నీళ్ళు తాగిన కర్ర బరువెక్కిపోద్ది బాబూ. బరువెక్కిన తెప్ప అల మీద లేవదు" అన్నాడాయన.

విశాఖలో ఓడల నిర్మాణం చదువుకొని, బతుకుతెరువు కోసం అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలో స్థిరపడ్డాను. ఆ పెద్దాయన మాటలోని లోతు నాకు పూర్తిగా బోధపడింది అక్కడే, శాన్ ఫ్రాన్సిస్కో ఖాతం ఒడ్డున, ఒక పాత ప్లైవుడ్ పడవ పక్కన నిలబడ్డప్పుడు. ఆ పడవ ఎవరిదో ఎలా ఆనవాలు పట్టామో, దానికి మళ్ళీ సత్తువ ఎలా తెచ్చామో ఈ పూట మీకు చెబుతాను.

అది ట్రైమరాన్. అంటే మూడు పొట్టల పడవ. నడుమ పెద్ద పడవ, దానికి రెండు వైపులా సన్నటి పక్క పడవలు, మూడింటినీ కలుపుతూ అడ్డదూలాలు. కావడిని తలచుకోండి. నడుమ మనిషి, భుజం మీద బద్ద, బద్దకు రెండు కొసలా బరువులు. ట్రైమరాన్ ఆకారం అచ్చంగా అదే. కావడిబద్ద విరిగితే ఎక్కడ విరుగుతుంది? కొసల దగ్గర కాదు, భుజం మీద ఆనేచోట. ఈ పోలిక గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ట్రైమరాన్ అనే మాటకు మన తీరంతో చుట్టరికం ఉంది. తమిళంలో కట్టుమరం అంటే కట్టిన దుంగలు, మన తెప్ప. ఆ మాట ఇంగ్లీషులో చేరి కాటమరాన్ అయింది, కాలక్రమాన రెండు పొట్టల పడవకు పేరుగా స్థిరపడింది. ఉక్రెయిన్ నుంచి అమెరికాకు వలస వెళ్ళిన విక్టర్ చెచెట్ అనే పడవల రూపశిల్పి, మూడు పొట్టల పడవకు ట్రైమరాన్ అని పేరు పెట్టాడు. పసిఫిక్ దీవుల వాళ్ళకు మాత్రం ఇలాంటి పడవలు తరతరాలుగా తెలుసు. నడిమి పడవను వాళ్ళు వాకా అంటారు, పక్కదాన్ని అమా అంటారు, అడ్డదూలాన్ని అకా అంటారు. ఈనాటికీ ట్రైమరాన్లు కట్టేవాళ్ళు ఆ మాటలే వాడతారు.

పెద్ద పడవ ధనవంతుల సొత్తుగా ఉన్న కాలంలో, మామూలు ఉద్యోగి కూడా తన పెరట్లో సముద్రం దాటే పడవ కట్టుకోగలడని నమ్మిన మనిషి ఆర్థర్ పైవర్. ఆయనదీ కాలిఫోర్నియానే. 30 అడుగుల నింబుల్ అనే ట్రైమరాన్‌ను తానే రూపొందించుకొని, 1960లో దాని మీద అట్లాంటిక్ దాటాడు. తర్వాత 35 అడుగుల లోడ్‌స్టార్ మీద పసిఫిక్ దాటాడు. ఆ పడవల నమూనా పటాలు అమ్మకానికి పెట్టాడు. ఇక 1960లలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల పెరళ్ళలో, కారు షెడ్లలో ప్లైవుడ్ పలకలు పడవలై లేచాయి. కట్టినవాళ్ళలో వడ్రంగులు కొద్దిమందే. ఆ ధైర్యానికి మూల్యమూ ఉంది. ఆస్ట్రేలియా రూపశిల్పి హెడ్లీ నికోల్ 1966లో తన పడవతో సహా సముద్రంలో కలిసిపోయాడు. 1968లో పైవర్ చిన్న ట్రైమరాన్ మీద ఒంటరిగా బయలుదేరి మళ్ళీ కనిపించలేదు.

అలాంటి పెరటి పడవ ఒకటి మా మిత్రుడు కొన్నాడు. ఆయనది కాకినాడ. నాకంటే ఆరేడేళ్ళు చిన్న, అన్నయ్యా అని పిలుస్తాడు. పడవ చవగ్గా దొరికింది. కాగితాలు లేవు, పటాలు లేవు, ఎవరు కట్టారో తెలియదు. నన్ను తీసుకెళ్ళి చూపించి, "అన్నయ్యా, పైన ఇంకో వరస ప్లైవుడ్ కొట్టేసి, దాని మీద ఫైబర్‌గ్లాస్ వేసేస్తే రాయిలా అవుతుంది కదా!" అన్నాడు. "రాయిలా అయితే రాయిలాగే మునుగుతుంది తమ్ముడూ. ముందు ఇది ఎవరి బిడ్డో తెలుసుకుందాం. తర్వాతే ఉలి పడదాం" అన్నాను.

పాత పడవను ఆనవాలు పట్టడం ఎందుకంత ముఖ్యం? ఒక్కో రూపశిల్పి బరువును ఒక్కో దారిలో నడిపిస్తాడు. ఒకరు అడ్డదూలాల మీద భారం వేస్తారు, ఇంకొకరు లోపలి అడ్డగోడల మీద వేస్తారు. ఆ దారి తెలియకుండా ఒక గోడ కోసినా, ఒకచోట మందం పెంచినా, ఉన్న బలం పోతుంది.

అమెరికాలో 1972 నవంబరు నుంచి కొత్త పడవలకు పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి చేశారు. ఇంట్లో కట్టుకున్న పడవకు రాష్ట్ర ప్రభుత్వమే ఆ సంఖ్య ఇస్తుంది, అందులో రాష్ట్రం పేరు పక్కన జెడ్ అనే అక్షరం ఉంటుంది. అంతకుముందు కట్టిన పడవలకు అది ఉండదు. మా పడవకూ లేదు. కాబట్టి పడవనే చదవాల్సి వచ్చింది.

మొదట టేపు పట్టుకున్నాం. నడిమి పడవ పొడవు, పక్క పడవల పొడవు, మొత్తం వెడల్పు, ముక్కు నుంచి ఒక్కో అడ్డగోడకూ ఉన్న దూరం, అన్నీ పుస్తకంలో రాసుకున్నాం. తర్వాత ఆకారం చూశాం. పైవర్ పడవల పొట్ట, చదును పలకల్ని మడతపెట్టినట్టు, పదునైన అంచులతో అడుక్కి సన్నబడుతుంది. జిమ్ బ్రౌన్ అనే రూపశిల్పి సీరన్నర్ పడవలైతే కూర్చునే గుంట సరిగ్గా నడుమన ఉంటుంది, దాని అడుగునే నీళ్ళలోకి దించే బోర్డు పెట్టె ఉంటుంది, గదులు ముందొకటి వెనకొకటి విడిగా ఉంటాయి. నార్మన్ క్రాస్ పడవల పొట్ట గుండ్రంగా ఉంటుంది, పలచని పొరల్ని ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అతికించి ఆ గుండ్రం తెస్తారు. ఎడ్ హార్స్ట్‌మన్ ట్రైస్టార్లలో గది, పక్క పడవల వైపు చాచిన రెక్కల మీదికి వెడల్పుగా పరుచుకుంటుంది. మా కొలతలు, ఆ పదునైన అంచులు, పలకల తీరు పాత పటాలతో పోల్చుకుంటే నింబుల్ అని తేలింది.

కానీ అంతటితో సరిపోలేదు. వెనక అడ్డగోడ పటంలో ఉన్నచోట లేదు, దాదాపు జానెడు వెనక్కి జరిగింది. కట్టినాయన తన ఒడ్డూపొడవుకు తగినట్టు పడక పొడిగించుకున్నట్టున్నాడు. పెరటి పడవల్లో ఇది మామూలే. అందుకని పటం చూసి పడవను అర్థం చేసుకోవాలి, పడవను చూసి పటం దిద్దుకోవాలి. రెండూ చదవకుండా పని మొదలుపెట్టకూడదు.

కట్టినవాడి చేయి తెలియడానికి ఇంకో రెండు ఆనవాళ్ళున్నాయి. ఒకటి జిగురు. అతుకుల అంచున ముదురు ఎరుపు, గోధుమ కలిసిన గీత కనిపిస్తే అది రెసార్సినాల్ జిగురు. నీటికి, ఎండకు తట్టుకొనే గట్టి సరుకు. అది కనిపిస్తే సగం బెంగ తీరుతుంది. లేతరంగులో పెళుసుగా పెచ్చులూడుతుంటే అది నీళ్ళలో కలుపుకొనే యూరియా పొడి జిగురు కావచ్చు. చెమ్మ, వేడి కలిస్తే అది ఏళ్ళు గడిచేకొద్దీ పట్టు వదిలేస్తుంది. రెండోది మేకులు. అయస్కాంతం పెట్టి చూస్తే ఇనుపవేవో కంచువేవో తెలిసిపోతుంది. ఇనుప మేకు చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. కంచు మేకుకు పచ్చని చిలుము పడుతుంది గానీ పట్టు మిగులుతుంది. మా పడవలో జిగురు ఎర్రది, మేకులు కంచువి. కట్టినాయన ఎవరో తెలియదు. కానీ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసిన మనిషని ఆ రోజు అర్థమైంది.

మరి అంత బాగా కట్టిన పడవ పాడైంది ఎక్కడ? ఉప్పునీళ్ళు తగిలే అడుగున కాదు, వాననీళ్ళు పడే పైకప్పున. చాలామందికి ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. చెక్కను కుళ్ళబెట్టేది ఒక రకం బూజు. ఆ బూజుకు ఉప్పు పడదు, మంచినీళ్ళు కావాలి, గాలి ఆడని చీకటి మూల కావాలి. చెక్కలో చెమ్మ నూటికి ఇరవై పాళ్ళ లోపుంటే అది పెరగజాలదు. ముప్పై దాటితే విజృంభిస్తుంది. కప్పు మీద బిగించిన ఒక స్తంభం అడుగున మేకు రంధ్రంలోంచి వాననీరు చుక్క చుక్కగా దిగి, ఏళ్ళ తరబడి ఒకే మూల నిలిచింది. పక్క పడవల మూతలు ఎప్పుడూ బిగించే ఉంచారు కాబట్టి లోపలి చెమ్మకు బయటికి దారే లేదు. మా భీమునిపట్నం పెద్దాయన రోజూ కట్లు విప్పి దుంగల్ని ఎందుకు ఎండబెట్టాడో ఆ మూల చూశాక నాకు తెలిసింది. తెప్పను విప్పగలం. జిగురుతో అతికిన పడవను విప్పలేం. కనుక దానికి గాలి ఆడే దారి మనమే ఇవ్వాలి.

కుళ్ళు ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి గొప్ప యంత్రాలేమీ అక్కర్లేదు. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం కదా, అలాగే ప్లాస్టిక్ సుత్తితో జానెడు జానెడుకీ తట్టుకుంటూ పోయాం. మంచి చెక్క ఖంగుమంటుంది. చెడ్డది మొద్దుగా పలుకుతుంది. అనుమానమున్నచోట సుద్దముక్కతో గుండ్రాలు గీశాం. సన్నటి మొన గుచ్చి చూశాం. కొన్నిచోట్ల చెక్క బాగానే ఉన్నా పైనున్న ఫైబర్‌గ్లాస్ పొర ఊడి లోపల డొల్లగా మోగింది. ఆ రోజుల్లో పాలియెస్టర్ రెజిన్ వాడేవారు. చెక్కతో దాని పొత్తు నిలవదు. కొన్నేళ్ళకు పొర విడిపోతుంది, ఆ సందులోకి నీళ్ళు చేరతాయి. పైకి నున్నగా మెరిసే రంగు కింద ఇదంతా జరుగుతుంది.

ఆ వేసవి మొత్తం ఎండబెట్టడానికే కేటాయించాం. ఆ ప్రాంతంలో వేసవిలో వాన చాలా అరుదు కాబట్టి అది మాకు వరమైంది. మూతలన్నీ తీసేసి, లోపల ఫ్యాన్లు పెట్టి, వారం వారం చెమ్మ కొలిచి పుస్తకంలో రాసుకున్నాం. మా మిత్రుడికి ఆత్రం. "ఇంకెన్నాళ్ళు అన్నయ్యా?" అనేవాడు. చెమ్మ మీద పూసిన జిగురు చెమ్మను లోపలే బంధిస్తుంది. ఈ పని మొత్తంలో అతి కష్టమైనది ఓపిక పట్టడమే.

అప్పుడు ఉలి పట్టాం. మెత్తబడిన చెక్కను మొహమాటం లేకుండా తీసేశాం, గట్టి చెక్క తగిలాక ఇంకో అరచేయి మేర కూడా. ఎందుకంటే బూజు కంటికి కనిపించేదానికన్నా ముందుంటుంది. కొత్త పలకను పాతదానికి అంచుకు అంచు ఆనించి అతికితే ఆ గీత దగ్గరే విరుగుతుంది. అందుకని రెండు అంచుల్నీ ఏటవాలుగా చిత్రిక పట్టాలి. వాలు మందానికి ఎనిమిది రెట్లుండాలి. ఆరు మిల్లీమీటర్ల పలకకు నలభై ఎనిమిది మిల్లీమీటర్ల వాలు. అప్పుడు అతుకు ఒక గీతగా కాక ఒక మైదానంగా పరుచుకుంటుంది, బరువు ఒక పలక నుంచి ఇంకోదానికి నెమ్మదిగా బదిలీ అవుతుంది.

అతికించడానికి ఎపాక్సీ వాడాం. మన ఇళ్ళలో రెండు గొట్టాల్లోంచి కలిపి వాడే అరల్డైట్, కుళాయి కారితే పిసికి పెట్టే ఎం-సీల్, ఇవి ఆ జాతివే. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బే సిటీలో గూజన్ సోదరులని ముగ్గురు అన్నదమ్ములు, పడవల కలపకు సరిపోయేలా ఈ జిగురును తీర్చిదిద్దారు. 1970లో వాళ్ళు నీటిలోకి దించిన అడాజియో అనే 35 అడుగుల పడవ పూర్తిగా ఎపాక్సీతోనే అతికి, ఎపాక్సీతోనే పూత పూసినది. అదీ ట్రైమరానే. దశాబ్దాల పాటు గ్రేట్ లేక్స్ సరస్సుల మీద పందేల్లో పరుగులు తీసింది. ఎపాక్సీ వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదట పలచని జిగురు పూసి చెక్కను తాగనివ్వాలి, ఆ తర్వాతే చిక్కనిది పట్టించాలి. బిగింపు మితంగా ఉండాలి. గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి కారి అతుకు ఎండిపోతుంది. పాత రెసార్సినాల్‌కేమో గట్టి బిగింపే కావాలి. ఇంకో మాట. ఎపాక్సీ చర్మానికి తగిలితే కొందరికి జీవితాంతం పడకుండా పోతుంది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా ఒక్క గంట కూడా పనిచేయొద్దు.

ఇప్పుడు కావడి దగ్గరికి వద్దాం. తెరచాపను గాలి నెట్టినప్పుడు ఒక పక్క పడవ నీళ్ళలోకి దిగుతుంది. నీరు దాన్ని పైకి తోస్తుంది. అప్పుడు అడ్డదూలం నడిమి పడవను కలిసేచోట వంపు అన్నిటికంటే ఎక్కువ. కావడి భుజం అదే. పడవ మరోవైపు తిరిగితే వంపు తారుమారవుతుంది. ఒక ప్రయాణంలో ఇలా ఎన్నోసార్లు. కాబట్టి బలం కావలసింది ఆ భుజం దగ్గర, అందులోనూ దూలం పై అంచున, కింది అంచున. పిల్లల స్కేలును పడుకోబెట్టి వంచితే వంగుతుంది, నిలబెట్టి వంచితే వంగదు. దూలం వెడల్పు రెట్టింపు చేస్తే బలం రెట్టింపవుతుంది. లోతు రెట్టింపు చేస్తే నాలుగింతలవుతుంది. అందుకని మేం పలకల మందం జోలికి పోలేదు. దూలాల పై, కింది అంచుల వెంట, నారలన్నీ పొడవునా ఒకే దిక్కుకు సాగే గ్లాస్ పట్టీలను ఎపాక్సీతో అతికాం. అడ్డగోడలు పొట్టను కలిసే మూలల్లో చిక్కని ఎపాక్సీతో గుండ్రని వంపు దిద్ది, పైన గ్లాస్ టేపు పరిచాం. పదునైన మూల ఒత్తిడిని ఒక్కచోట కుప్పపోస్తుంది. వంపు దాన్ని పంచుతుంది.

అతుకు ఓడితే ఏమవుతుందో చెప్పే సంఘటన ఒకటుంది. 1968లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూగోళం చుట్టి రావాలని గోల్డెన్ గ్లోబ్ పందెం పెట్టారు. బొంబాయిలో టేకుతో కట్టిన సుహైలీ పడవ మీద రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1969 ఏప్రిల్ 22న ఇంటికి చేరి గెలిచాడు. వెనకాల నైజెల్ టెట్లీ విక్ట్రెస్ అనే పైవర్ ట్రైమరాన్ మీద వస్తున్నాడు. ప్లైవుడ్ పడవ, 40 అడుగులు, అంతకుముందు అదే ఆయన ఇల్లు. దక్షిణ సముద్రాల తుపాన్లకు దాని అతుకులు అప్పటికే సడలాయి. అయినా తాను వెళ్ళిన దారిని తిరుగుదారిలో దాటి, ట్రైమరాన్ మీద భూమి చుట్టిన ఘనత సాధించాడు. ఇక ఇల్లు సుమారు 1,100 నాటికల్ మైళ్ళు. ఇంకో పోటీదారు డొనాల్డ్ క్రౌహర్స్ట్ వెంటపడి వస్తున్నాడన్న వార్త నమ్మి, అలసిన పడవను తొందరపెట్టాడు. ఆ వార్త నిజం కాదు. మే నెలలో, అజోర్స్ దీవుల దగ్గర తుపానులో, అర్ధరాత్రి ఎడమ పక్క పడవ ముక్కు ఊడిపోయి నడిమి పడవకు గండి కొట్టింది. పడవ మునిగింది. టెట్లీని కాపాడగలిగారు. పడవ ఓడింది కలిసేచోట. ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా నా చేయి అడ్డదూలం మూల మీదికి దానంతటదే వెళుతుంది.

మరి మా మిత్రుడు మొదట అడిగినట్టు పడవంతా ఇంకో పొర వేస్తే తప్పేమిటి? బరువు. నీటిమట్టం దగ్గర ఒక చదరపు మీటరున్న పడవ ఒక సెంటీమీటరు కిందికి దిగడానికి పది కిలోల పైచిలుకు చాలు. నీటిమట్టం దగ్గర ఎనిమిది చదరపు మీటర్లున్న పడవ మీద నాలుగు వందల కిలోల ప్లైవుడ్, రెజిన్ ఎక్కిస్తే ఐదు సెంటీమీటర్లు కుంగుతుంది. ట్రైమరాన్‌కు అడుగున సీసం బరువు ఉండదు. పక్క పడవల తేలికదనమే దాని నిలకడ. ఆ తేలికదనం పోతే, రెక్కల కింద కొట్టుకోకుండా పోవలసిన అలలు రెక్కలకే గుద్దుకుంటాయి. అడ్డదూలాల మీద భారం పెరుగుతుంది. బలం కోసం వేసిన పొరే పడవను బలహీనం చేస్తుంది. అందుకే మేం ఎక్కించిన ప్రతి సామానూ తూచాం. తీసేసిన కుళ్ళునూ, పాత రంగునూ తూచాం. చివరికి పడవ ముందుకన్నా తేలికే అయింది.

రెండో వేసవిలో పడవను నీళ్ళలోకి దించాం. పక్క పడవల కొసల మధ్య దారం కట్టి ముందే కొలత తీసిపెట్టుకున్నాం. గాలి బాగా ఉన్న రోజున తిరిగివచ్చాక మళ్ళీ కొలిచాం. దారం కొలత మారలేదు. తలుపులు బిగుసుకోలేదు. మూలల్లో రంగు వెంట్రుకవాసి కూడా చీలలేదు.

ఆ సాయంత్రం మా మిత్రుడు కొలతల పుస్తకం బయటికి తీశాడు. కుళ్ళు ఎక్కడెక్కడ తీశామో, ఏ జిగురు ఎక్కడ వాడామో, చెమ్మ ఏ వారం ఎంత ఉందో, వెనక అడ్డగోడ ఎంత జరిగి ఉందో, అన్నీ తేదీలతో అందులో ఉన్నాయి. "ఈ పుస్తకమే మనకు ముందే దొరికుంటే ఒక నెల మిగిలేది కదా అన్నయ్యా" అన్నాడు. దాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి, నడిమి పడవ లోపల అరలో పెట్టాడు. దాని పక్కనే మూతలు తెరవాల్సిన రోజులు రాసిన కాగితం ఒకటి అంటించాడు. రేపు ఆ పడవ ఎవరి చేతికి వెళ్ళినా, మేం తట్టి తట్టి తెలుసుకున్నదంతా వాళ్ళు చదివి తెలుసుకుంటారు.

శ్రోతలారా, మీలో పడవలున్నవాళ్ళు కొద్దిమందే ఉండొచ్చు. కానీ పాత ఇల్లు, పాత బండి, పాత మండువా దూలం చాలామందికి ఉన్నాయి. మరమ్మతు మొదలుపెట్టే ముందు ఒక్కసారి తట్టి చూడండి, చెవి పెట్టి వినండి, అతుకు దగ్గర చేయి పెట్టండి. చేసిందంతా రాసిపెట్టండి.